ఒక మెట్టు దిగిన ఇంజనీరు: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

వాషింగ్టన్‌లోని నాసా ప్రధాన కార్యాలయానికి 2021 ఫిబ్రవరి నుంచి మేరీ డబ్ల్యూ. జాక్సన్ పేరు ఉంది. ఆమె మీద గత సంచికలో అరపేజీ పరిచయం వేశాం. నాసాలో ఇంజనీరు హోదా అందుకున్న మొదటి నల్లజాతి మహిళ అనీ, సర్వీసులో చివరి ఆరేళ్లు ఇంజనీరింగ్ వదిలేసి, ఒక గ్రేడు తగ్గి, ఉద్యోగుల సమానావకాశాల విభాగంలో పనిచేశారనీ, అంతకుముందు పిల్లలతో చిన్న విండ్ టన్నెల్ (వస్తువుల మీదికి గాలి తోలి పరీక్షించే గొట్టం) కట్టించారనీ అందులో రాశాం. దానికి ఉత్తరాలు బాగానే వచ్చాయి. అభినందనలకు కృతజ్ఞతలు. పని సంగతులు అడిగినవాళ్లకు ఇక్కడ జవాబులిస్తున్నాం.

ప్ర: ఇంజనీరుగా అంత పేరు తెచ్చుకున్నాక ఎవరైనా తక్కువ గ్రేడు ఉద్యోగానికి వెళ్తారా? శిక్షగా పంపేశారా?
– ఉపాధ్యాయిని, ఏలూరు

జ: శిక్ష కాదండీ, కోరి వెళ్లారు. ఎందుకో తెలియాలంటే ఆమె సర్వీసు రిజిస్టరు ఒకసారి తిరగేయాలి.

మేరీ విన్‌స్టన్ జాక్సన్ 1921లో వర్జీనియా రాష్ట్రంలోని హాంప్టన్‌లో పుట్టారు. 1942లో అదే ఊళ్లోని హాంప్టన్ ఇన్‌స్టిట్యూట్‌లో గణితం, భౌతిక శాస్త్రాల డిగ్రీ తీసుకున్నారు. ఆ డిగ్రీ చేతిలో పెట్టుకుని తొమ్మిదేళ్లలో ఆమె చేసిన కొలువులు చూడండి: ఏడాది టీచరు, ఆ తర్వాత రిసెప్షనిస్టు, లెక్కల గుమాస్తా, సైనిక స్థావరంలో సెక్రటరీ. 1951లో, తర్వాత నాసాలో భాగమైన లాంగ్లీ విమాన పరిశోధన ప్రయోగశాలలో 'కంప్యూటర్'గా చేరారు. అప్పట్లో ఆ మాటకు అర్థం లెక్కలు చేసే మనిషి. విండ్ టన్నెళ్ల నుంచి వచ్చే కొలతల కాగితాలు తీసుకుని, బల్లమీది క్యాల్క్యులేటర్ యంత్రంతో అంకెలు తేల్చి, గ్రాఫులు గీసి ఇంజనీర్లకు ఇవ్వడం వాళ్ల పని. లాంగ్లీలో 1935 నుంచి ఈ పనికి మహిళలను పెట్టుకునేవారు. రక్షణ పరిశ్రమల్లో వివక్ష కూడదంటూ 1941లో అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ ఇచ్చిన ఉత్తర్వు పుణ్యమా అని 1943 నుంచి నల్లజాతి మహిళలనూ తీసుకున్నారు. కాకపోతే వాళ్లకు గది వేరు, భోజనం బల్ల వేరు, బాత్‌రూమ్ వేరు. ఆ గది పేరు వెస్ట్ ఏరియా కంప్యూటింగ్.

రెండేళ్లకు కాజిమిర్ చార్నెకీ అనే ఇంజనీరు ఆమెను తన టన్నెల్‌కు తీసుకెళ్లారు. నాలుగడుగుల చదరపు గొట్టంలో ధ్వని వేగానికి దాదాపు రెండింతల వేగంతో గాలిని తోలే యంత్రం అది. దాని మోటార్ల శక్తి 60,000 హార్స్‌పవర్. మన పొలాల్లో 5 హార్స్‌పవర్ బోరు మోటార్లు పన్నెండు వేలు ఒక్కసారి ఆన్ చేసినంత. 1958లో ఆమె ఇంజనీరు అయ్యారు. శంకువు మొనల మీద పారే గాలి ఎక్కడ నున్నటి ప్రవాహం నుంచి సుడులు తిరిగే ప్రవాహానికి మారుతుందన్న విషయం మీద చార్నెకీతో కలిసి రాసిన మొదటి నివేదిక కూడా ఆ ఏడాదే వెలువడింది. ఆ మార్పు ఎంత ముందుగా వస్తే రాపిడి, వేడి అంత పెరుగుతాయి కాబట్టి ధ్వనిని మించిన వేగంతో ఎగిరే సూపర్‌సోనిక్ విమానం గీసేవాడికి అది ప్రాణంలాంటి అంకె. తర్వాతి ఇరవై ఏళ్లలో ఇలాంటివి దాదాపు డజను నివేదికల మీద ఆమె పేరు ఉంది.

అక్కడితో ప్రమోషన్లు మందగించాయి. మేనేజ్‌మెంట్ స్థాయి గ్రేడులు అందడం లేదు. తనకే కాదు, సెంటర్‌లోని మిగతా మహిళలకూ అంతే. 1979లో లాంగ్లీలో ఉద్యోగినుల అవకాశాలు చూసే 'ఫెడరల్ ఉమెన్స్ ప్రోగ్రామ్ మేనేజర్' పోస్టు ఖాళీ అయింది. ఒక మెట్టు దిగితే గానీ ఆ కుర్చీ రాదు. దిగారు. 1985లో అక్కడి నుంచే రిటైరయ్యారు.

దీన్ని చాలామంది త్యాగం అని రాస్తారు. ఆ మాట ఆమె పనిని చిన్నది చేస్తుందని మా అభిప్రాయం. గాలి ఎక్కడ సుడి తిరుగుతోందో ఇరవై ఏళ్లు వెతికిన మనిషి, మనుషుల ఉద్యోగాలు ఎక్కడ ఆగిపోతున్నాయో వెతకడానికి వెళ్లారు. టన్నెల్ మారింది, అంతే.

ప్ర: 'హిడెన్ ఫిగర్స్' సినిమాలో ఆమె కోర్టుకెక్కి జడ్జిని ఒప్పించినట్టు చూపించారు. నిజంగా జరిగిందా? ఇంజనీరు అవడానికి కోర్టు ఎందుకు?
– బి.టెక్. విద్యార్థిని, కాకినాడ

జ: కోర్టు సన్నివేశం సినిమా కోసం వండింది. అడ్డంకి మాత్రం నిజం.

గణిత నిపుణురాలి హోదా నుంచి ఇంజనీరు హోదాకు మారాలంటే పై స్థాయి గణితం, భౌతిక శాస్త్రం కోర్సులు పూర్తి చేసి ఉండాలన్నది నియమం. ఆ కోర్సులను వర్జీనియా విశ్వవిద్యాలయం సాయంత్రం పూట నడిపేది. తరగతులు జరిగేది హాంప్టన్ హైస్కూల్లో. అది తెల్లవాళ్ల బడి. ఆమె నగర అధికారులకు దరఖాస్తు పెట్టుకుని ప్రత్యేక అనుమతి తెచ్చుకున్నారు. చిన్నప్పటి నుంచి బయటి నుంచే చూసిన ఆ బడిలోకి తీరా అడుగుపెడితే, అదొక ముక్కిన వాసన కొట్టే పాత భవనం. దీని కోసమా ఇన్ని అడ్డుగోడలు అనిపించే కట్టడం.

ఇక్కడ గమనించాల్సిందేమిటంటే, 'నల్లవాళ్లు ఇంజనీర్లు కాకూడదు' అని లాంగ్లీ నిబంధనల్లో ఎక్కడా రాసి లేదు. నియమం అందరికీ ఒకటే: ఫలానా కోర్సులు ఉండాలి. ఆ కోర్సులు జరిగే గది తలుపు మాత్రం కొందరికి మూసి ఉంది. వైవిధ్యం (డైవర్సిటీ) మీద, అంటే ఉద్యోగాల్లో అన్ని వర్గాలకూ చోటు దొరికేలా పనిచేసేవాళ్లు మొదట నేర్చుకోవాల్సింది ఇదే. అడ్డంకి నియమంలో దొరక్కపోతే, ఆ నియమాన్ని నెరవేర్చుకునే చోట వెతకాలి.

ఇంకో చిన్న సవరణ కూడా. బాత్‌రూమ్ కోసం పరుగెత్తే దృశ్యం సినిమాలో లాంగ్లీలోనే లెక్కలు చేసిన మరో నల్లజాతి మహిళ కేథరిన్ జాన్సన్ మీద పెట్టారు. లాంగ్లీలోని ఈస్ట్ సైడ్ భవనంలో బాత్‌రూమ్ ఎక్కడని అడిగితే తెల్లజాతి ఉద్యోగినులు నవ్విన అవమానం పడింది మేరీ జాక్సన్. ఆ కోపంలోనే చార్నెకీ దగ్గర బరస్ట్ అయ్యారు. "అయితే నా దగ్గరికి వచ్చి పనిచెయ్" అన్న పిలుపు ఆ సంభాషణలోంచే వచ్చింది.

ప్ర: మాది 600 మంది ఉన్న సంస్థ. నన్ను 'డైవర్సిటీ' బాధ్యురాలిగా వేశారు. ఇంతవరకు మహిళా దినోత్సవం రోజు పూలగుత్తులు, ఒక ఉపన్యాసం తప్ప ఏమీ చేయలేదు. జాక్సన్ గారు రోజూ ఏం చేసేవారు? మేము ఎక్కడ మొదలుపెట్టాలి?
– హెచ్.ఆర్. ఉద్యోగిని, హైదరాబాద్

జ: ఆమె వెతికిన విషయం ఒకటే: ఈ మహిళలు గణిత నిపుణుల స్థాయి నుంచి ఇంజనీర్లుగా ఎందుకు మారలేకపోతున్నారు? దొరికిన కారణాలు నాలుగు. కొందరికి ఒకటి రెండు కోర్సులు తక్కువ. కొందరు పడిన విభాగం అలాంటిది, అక్కడ కూర్చుంటే ఎవరి కంటా పడరు. కొందరికి ఇచ్చే పనులు ప్రమోషన్‌కు పనికొచ్చేవి కావు. ఇవేవీ కాకపోయినా ఆగిపోయినవాళ్లు మిగిలారు. అక్కడున్నది కంటికి కనపడని పైకప్పు. ఈ నాలుగింటికీ మందులు వేర్వేరు. అన్నింటికీ ఒకే ఉపన్యాసం ఇస్తే ఏదీ నయం కాదు.

మీరు ఒక పట్టికతో మొదలుపెట్టండి. ఒక్కొక్కరికి ఒక వరుస. గళ్లు: కోడ్ నంబరు (పేరు వద్దు), డిగ్రీ, చేరిన తేదీ, చేరినప్పటి హోదా, ఇప్పటి హోదా, చివరి ప్రమోషన్ తేదీ, విభాగం, గత మూడేళ్లలో పనిచేసిన ప్రాజెక్టులు, వాటిలో పాత్ర, పూర్తి చేసిన శిక్షణలు. ఎస్టాబ్లిష్‌మెంట్ సెక్షన్‌లో ఇవన్నీ ఉంటాయి, కాకపోతే నాలుగు ఫైళ్లలో చెదిరి ఉంటాయి. 600 మందికి పూర్తి చేయడానికి ఇద్దరు మనుషులకు మూడు నాలుగు వారాలు పట్టొచ్చు.

పట్టిక రాగానే అందరూ చేసే తప్పు మొత్తం మగవాళ్ల సగటు జీతాన్ని, మొత్తం ఆడవాళ్ల సగటు జీతంతో పోల్చడం. అది మీటింగ్‌లో అయిదు నిమిషాలు కూడా నిలబడదు. "మగవాళ్లు సీనియర్లు కాబట్టి" అని ఎవరో ఒకరు అంటారు, అది నిజం కూడా కావొచ్చు. దాని బదులు ఒకే ఏడాది, ఒకే డిగ్రీతో చేరినవాళ్లను ఒక గుంపుగా పెట్టండి. ఆ గుంపులో ఎవరు ఎన్ని నెలలకు మొదటి ప్రమోషన్ అందుకున్నారు, రెండోది ఎన్ని నెలలకు అని లెక్కేయండి. చేరినప్పటి హోదా గడిని మరీ జాగ్రత్తగా చూడండి. లాంగ్లీలో అసలు గుట్టు అక్కడే ఉంది. క్రిస్టీన్ డార్డెన్ అనువర్తిత గణితంలో మాస్టర్స్ డిగ్రీతో 1967లో అక్కడ చేరితే లెక్కల గుంపులో వేశారు. అలాంటి చదువే ఉన్న మగవాళ్లు నేరుగా ఇంజనీర్ల విభాగాలకు వెళ్తున్నారు. ఎందుకలా అని ఆమె పై అధికారిని సూటిగా అడిగారు. 1973లో ఇంజనీరింగ్‌కు మార్చారు. ఆ తర్వాత సూపర్‌సోనిక్ విమానాల 'సోనిక్ బూమ్' (పేలుడులాంటి చప్పుడు) తగ్గించే పరిశోధనలో పేరెన్నికగన్నది ఆవిడే. మొదటి రోజు పడిన హోదా పేరు ఆరేళ్లు వెంటాడిందన్నమాట.

తర్వాత నియామకాలు. దరఖాస్తు చేసినవారు, అర్హులని తేలినవారు, ఇంటర్వ్యూకి పిలిచినవారు, ఎంపికైనవారు అని నాలుగు మెట్లలోనూ మగ, ఆడ సంఖ్యలు విడివిడిగా రాయండి. ఎక్కడ జారిపోతున్నారో అక్కడే మందు వేయాలి. దరఖాస్తులే రాకపోతే ప్రకటన ఎక్కడ వేస్తున్నారో చూడాలి. అర్హత దగ్గర పడిపోతుంటే ఆ అర్హత పనికి నిజంగా అవసరమా అని అడగాలి. ఇంటర్వ్యూలో పడిపోతుంటే ప్యానెల్‌నీ, మార్కుల పద్ధతినీ చూడాలి.

అమెరికాలో 1978 నుంచి దీనికి 'అయిదింట నాలుగు వంతుల' కొలత ఒకటి ఉంది. ఒక వర్గం ఎంపిక శాతం, ఎక్కువ శాతం వచ్చిన వర్గంలో 80 శాతం కన్నా తక్కువుంటే ఆ పద్ధతిని అనుమానించాలి. ఉదాహరణకు 40 మంది మగవాళ్లలో 20 మంది ఎంపికైతే 50 శాతం. 15 మంది ఆడవాళ్లలో నలుగురు ఎంపికైతే దాదాపు 26.7 శాతం. 26.7ను 50తో భాగిస్తే దాదాపు 0.53. అంటే 80 శాతానికి చాలా కింద. అయితే ఇక్కడే ఒక ఉచ్చు ఉంది. ఇంకో ఇద్దరు ఆడవాళ్లు ఎంపికై ఉంటే 15కు ఆరుగురు, అంటే 40 శాతం, సరిగ్గా గీత మీద నిలబడేది. చిన్న సంఖ్యల్లో ఇద్దరు మనుషులు మొత్తం కథను మార్చేస్తారు. అందుకని ఒక్క ఏడాది లెక్కతో తీర్పు చెప్పకండి, మూడేళ్లవి కలిపి చూడండి.

ప్రాజెక్టుల గడి చాలామంది వదిలేస్తారు. అక్కడే ఎక్కువ దొరుకుతుంది. పరిశోధన సంస్థలో నివేదిక మీద పేరే కరెన్సీ. లాంగ్లీలో లెక్కలు చేసినవాళ్ల పేరు సాధారణంగా నివేదిక మీద పడేది కాదు. కేథరిన్ జాన్సన్ ఉన్న విభాగంలో ఒక మహిళ పేరు నివేదిక మీద మొదటిసారి వచ్చింది 1960లో, అది ఆవిడదే. మీ సంస్థలో దానికి సమానమైనది ఏమిటో కనుక్కోండి. క్లయింటు ముందు మాట్లాడేది ఎవరు, మినిట్స్ రాసేది ఎవరు? ఒకే మనిషి మూడేళ్లుగా మినిట్స్ రాస్తుంటే, ఆమెకు ప్రమోషన్ రాకపోవడానికి కారణం వెతకడానికి ఇంకెక్కడికీ వెళ్లక్కర్లేదు.

ఇక పని చెడిపోయే చోట్లు. ఒకటి, ఈ బాధ్యత మీకు అదనపు డ్యూటీగా ఇచ్చి ఉంటే వారానికి ఎన్ని గంటలో రాతపూర్వకంగా అడిగి తీసుకోండి. లేకపోతే మార్చి నెలాఖరులో మీ అసలు పని మీద మీకే మెమో వస్తుంది. రెండు, మీ నివేదిక ఎవరి నిర్ణయాల మీద ఉందో వాళ్ల బల్ల మీదికే మొదట వెళ్తే అక్కడే ఆగిపోతుంది. సంస్థ అధిపతికి నేరుగా ఇచ్చే ఏర్పాటు ఉండాలి. మూడు, "ఈ పోస్టు మహిళకే ఇద్దాం" అని ఎవరైనా ఉత్సాహపడితే ఆపండి. చట్టబద్ధమైన రిజర్వేషన్ లేని చోట ఆ ఒక్క మాట ఎంపికైన ఆమెను జీవితాంతం వెంటాడుతుంది. అమెరికాలోనైతే అది చట్ట విరుద్ధం కూడా. జాక్సన్ చేతిలో నియామక అధికారం లేదు. ఏ కోర్సు తక్కువైందో చెప్పి చదివించడం, అర్హుల జాబితాలోకి మనుషులు వచ్చేలా చూడడం, అధికారుల ముందు వివరం పెట్టడం, ఆమె చేతిలో ఉన్నవి ఇవే.

ప్ర: నేను ముప్పై ఏళ్లు సర్కారు నౌకరీ చేసిన. లోపాలు చూపెట్టినోళ్లను ఏ డిపార్ట్‌మెంటూ ఊకె ఇడిసిపెట్టది. నాసా అంత పెద్ద మనసు చేసుకున్నదా?
– రిటైర్డ్ ఉద్యోగి, వరంగల్

జ: మీ అనుభవం నిజమేనండీ. జాక్సన్ కంటే ముందు నాసా ప్రధాన కార్యాలయంలో ఇదే పని మీద రూత్ బేట్స్ హారిస్ ఉన్నారు. 1971లో సమానావకాశాల డైరెక్టర్‌గా రమ్మన్నారు. ఆవిడ కుర్చీలో కూర్చోకముందే ఆ పదవిని డిప్యూటీ డైరెక్టర్ స్థాయికి తగ్గించారు. 1973లో ఇద్దరు సహోద్యోగులతో కలిసి నాసా అధిపతి జేమ్స్ ఫ్లెచర్‌కు ఒక నివేదిక ఇచ్చారు. నాసా సమానావకాశాల కార్యక్రమం దాదాపు పూర్తిగా విఫలమైందన్నది దాని సారం. అందులో ఒక వాక్యం చరిత్రలో నిలిచిపోయింది. నాసా ఇంతవరకు అంతరిక్షంలోకి పంపిన ఆడప్రాణులు మూడే మూడు: అరబెల్లా, అనీటా అనే రెండు సాలీళ్లు, మిస్ బేకర్ అనే కోతి.

ఆ అక్టోబరులోనే ఉద్యోగంలోంచి తీసేశారు. పత్రికలు రాశాయి, సెనేట్ విచారణ జరిగింది, 1974లో వేరే పదవిలో తిరిగి తీసుకోవాల్సి వచ్చింది. 1978 జనవరిలో ప్రకటించిన 35 మంది వ్యోమగాముల బృందంలో ఆరుగురు మహిళలు, ముగ్గురు నల్లజాతివారు, ఒక ఆసియా సంతతి వ్యక్తి ఉన్నారు. అంతా ఆ నివేదిక ఫలితమే అనలేం. 1972లో వచ్చిన చట్టం పౌరహక్కుల చట్టాన్ని ఫెడరల్ సంస్థలకు కూడా వర్తింపజేసింది, దాని ఒత్తిడి ఉంది. స్పేస్ షటిల్ రావడంతో యుద్ధ విమాన పైలట్లే కానక్కర్లేని ఉద్యోగాలూ పుట్టాయి. కానీ అంకెలు ముందే కాగితం మీద ఉండబట్టి సెనేటర్లకు అడగడానికి ప్రశ్నలు దొరికాయి.

ప్ర: నేను హ్యూస్టన్‌లో నాసా కాంట్రాక్టర్ దగ్గర పనిచేస్తున్నాను. 2025లో డైవర్సిటీ ఆఫీసులన్నీ మూసేశారు. ఇప్పుడు నాకు వివక్ష జరిగితే చెప్పుకునే చోటే లేదా?
– గ్రీన్ కార్డుదారు, టెక్సస్

జ: చోటు ఉంది. రెండు వేర్వేరు సంగతులను కలిపేసుకుంటున్నారు చాలామంది.

2025 జనవరి 21న వచ్చిన ఉత్తర్వు, సమానావకాశాలు కల్పించాలంటూ 1965 నుంచి ప్రభుత్వ కాంట్రాక్టర్ల మీద ఉన్న 11246 నంబరు ఉత్తర్వును రద్దు చేసింది. ఆ మార్చిలో నాసా తన వైవిధ్య శాఖను మూసేసింది. ఉద్దేశాన్ని కాక ఫలితాన్ని బట్టి వివక్షను పట్టుకునే పద్ధతికి ప్రాధాన్యం తగ్గించమని ఏప్రిల్‌లో మరో ఉత్తర్వు వచ్చింది. పైన చెప్పిన 80 శాతం కొలత ఆ పద్ధతికి చెందిందే. ఇవన్నీ అధ్యక్షుడి సంతకంతో వచ్చినవి, అలాగే పోయేవి. 1964 పౌరహక్కుల చట్టం ఏడో అధ్యాయం మాత్రం కాంగ్రెస్ చేసిన చట్టం, అది అలాగే ఉంది. జాతి, రంగు, మతం, లింగం, పుట్టిన దేశం కారణంగా వివక్ష చూపకూడదని అది చెప్తుంది. 15 మంది, ఆపైన ఉద్యోగులున్న ప్రతి సంస్థకూ వర్తిస్తుంది. మీరు పౌరులు కాకపోయినా రక్షణ ఉంటుంది.

గడువులే ప్రాణం. మీరు కాంట్రాక్టర్ ఉద్యోగి కాబట్టి ఉద్యోగ వివక్ష ఫిర్యాదులు తీసుకునే ఫెడరల్ కమిషన్ ఈఈఓసీ దగ్గర 180 రోజుల్లో ఫిర్యాదు ఇవ్వండి. చాలా రాష్ట్రాల్లో అది 300 రోజులకు పెరుగుతుంది గానీ, 180నే గడువు అనుకుంటే మంచిది. మీ పక్క సీట్లో ఉన్న నాసా సొంత ఉద్యోగికి దారి వేరు. ఘటన జరిగిన 45 రోజుల్లో తన సంస్థలోని ఈఈఓ (సమానావకాశాల) కౌన్సెలర్‌ను కలవాలి. కౌన్సెలింగ్ మామూలుగా 30 రోజులు. నోటీసు అందాక 15 రోజుల్లో అధికారిక ఫిర్యాదు. దర్యాప్తుకు సంస్థకు 180 రోజులు.

కేసులు ఎక్కువగా పోయేది ఇక్కడే: మేనేజర్‌కు ఈమెయిల్ పెట్టాను, కంపెనీ అంతర్గత ఫిర్యాదు నడుస్తోంది, అప్రైజల్ మీద అప్పీల్ చేశాను అని ఆగుతారు. అవేవీ గడియారాన్ని ఆపవు. మీ డైరీలో తేదీ, చోటు, అన్న మాట, విన్నవాళ్ల పేర్లు అదే రోజు రాసుకోండి. ఆఫీసు డ్రాయింగులు, సాంకేతిక ఫైళ్లు మాత్రం సాక్ష్యం పేరుతో సొంత మెయిల్‌కు పంపుకోకండి. అంతరిక్ష రంగంలో ఎగుమతి నియంత్రణ చట్టాలుంటాయి, అసలు కేసు పక్కకు పోయి మీ మీదే కేసు పడుతుంది.

ప్ర: మన దేశంలో ప్రభుత్వ ప్రయోగశాలల్లో ఈ పని ఎవరు చేస్తారు?
– రీసెర్చ్ స్కాలర్, తిరుపతి

జ: ఒక్క మనిషి కాదు, ముక్కలుగా పంచి ఉంది. ఎస్సీ, ఎస్టీ రిజర్వేషన్లకు లైజన్ ఆఫీసర్ ఉంటారు. ఓబీసీలకు, దివ్యాంగులకూ ఇలాంటి ఏర్పాటు ఉంటుంది. ఏ పోస్టు ఏ వర్గానికో చూపే రోస్టర్ రిజిస్టరును ఏటా తనిఖీ చేయడం లైజన్ ఆఫీసర్ బాధ్యత. 1997 జులై నుంచి రోస్టర్ ఖాళీల ప్రకారం కాక పోస్టుల ప్రకారం నడుస్తోంది. 2016 చట్టం ప్రకారం దివ్యాంగులకు కనీసం 4 శాతం. లైంగిక వేధింపుల ఫిర్యాదులకు 2013 చట్టం కింద అంతర్గత కమిటీ ఉండాలి. దానికి అధ్యక్షురాలు మహిళే కావాలి, కనీసం సగం మంది సభ్యులు మహిళలు, బయటి సభ్యులొకరు. ఫిర్యాదు గడువు మూడు నెలలు. పరిశోధన సంస్థల్లో లింగ సమానత్వాన్ని కొలిచే 'గతి' అనే పథకాన్ని శాస్త్ర సాంకేతిక శాఖ 2020లో 30 సంస్థలతో ప్రయోగాత్మకంగా మొదలుపెట్టింది.

శాస్త్రవేత్తల పోస్టుల్లో ఒక మెలిక ఉంది. పరిశోధన పోస్టుల్లో గ్రూప్-ఎ తొలి మెట్టు వరకే రిజర్వేషన్, పై మెట్లకు మినహాయింపు పొందవచ్చు. ఇస్రోలో ఆ తొలి మెట్టు పేరు సైంటిస్ట్/ఇంజనీర్ 'ఎస్‌సీ'. అది గ్రేడు పేరు మాత్రమే, షెడ్యూల్డ్ కులాలకు సంబంధం లేదు. ప్రకటన చూసి ఏటా కొందరు పొరబడుతుంటారు. అక్కడి నుంచి 'ఎస్‌డీ', 'ఎస్‌ఈ' గ్రేడులకు వెళ్లడం ఖాళీ కోసం ఎదురుచూసే వ్యవహారం కాదు, నిర్ణీత సర్వీసు తర్వాత సమీక్ష, ఇంటర్వ్యూ. కాబట్టి పై మెట్లలో రోస్టర్ చూస్తే ఏమీ తెలియదు. ఎవరు ఒక్కో గ్రేడులో ఎన్నేళ్లు ఉండిపోతున్నారన్నదే చూడాలి. హైదరాబాద్ పాఠకురాలికి చెప్పిన నెలల లెక్క ఇక్కడ బాగా పనికొస్తుంది.

ఆ లెక్క కావాలంటే సమాచార హక్కు చట్టం కింద 10 రూపాయల ఫీజుతో అడగొచ్చు. ఇస్రో ఆ చట్టం పరిధిలో ఉంది. డీఆర్‌డీఓకు అవినీతి, మానవ హక్కుల ఉల్లంఘన విషయాలు తప్ప మినహాయింపు ఉంది. పేర్లు అడిగితే వ్యక్తిగత సమాచారమని తిప్పికొడతారు. "ఫలానా సంవత్సరం ఎస్‌సీ గ్రేడులో చేరిన పురుషులు ఎందరు, మహిళలు ఎందరు, వారిలో ఇప్పుడు ఏ గ్రేడులో ఎందరు" అని సంఖ్యలే అడగండి. జవాబుకు 30 రోజులు.

ప్ర: ఆమె పిల్లలతో విండ్ టన్నెల్ కట్టించారని రాశారు. మా హైస్కూల్లో కట్టగలమా? ఖర్చు ఎక్కువవుతుందా?
– భౌతిక శాస్త్ర ఉపాధ్యాయుడు, కర్నూలు

జ: 1970లలో హాంప్టన్‌లోని కింగ్ స్ట్రీట్ కమ్యూనిటీ సెంటర్ సైన్స్ క్లబ్ పిల్లలతో ఆమె కట్టించింది చిన్న టన్నెలే. ఇలాంటి ఉద్యోగాలు ఉన్నాయని పిల్లలకు తెలిసేసరికే ఆలస్యమైపోతోందన్నది ఆమె బాధ. నియామకాల పట్టికలో 'దరఖాస్తులే రాలేదు' అన్న మొదటి మెట్టుకు ఇది మందు.

మీరు కట్టేది దాదాపు రెండు మీటర్ల పొడవు ఉంటుంది. ప్లైవుడ్ గానీ, మందపాటి ఫోమ్ బోర్డు గానీ చాలు. గాలి లోపలికి వచ్చే నోరు 30 సెం.మీ. చదరం. అందులో కాగితం స్ట్రాల తెర. 12 మి.మీ. లావువి తీసుకుని 10 సెం.మీ. ముక్కలుగా కోసి, ఒకదాని పక్కన ఒకటి పేర్చి జిగురు పెట్టాలి. ముక్కలు 650 నుంచి 720 దాకా పడతాయి, అంటే 20 సెం.మీ. స్ట్రాలు ఓ 360. ప్లాస్టిక్‌వి 2022 జులై నుంచి నిషేధం, బజారులో కాగితంవే దొరుకుతాయి. తెర తర్వాత 15 సెం.మీ. ఖాళీ డబ్బా. ఆ తర్వాత 30 సెం.మీ. పొడవులో 15 సెం.మీ. చదరానికి సన్నబడే గరాటు. తర్వాత 15 సెం.మీ. చదరం, 30 సెం.మీ. పొడవున్న పరీక్ష గది, దాని ఒక పక్క పారదర్శకమైన అక్రిలిక్ షీటు, వెనక నల్ల కాగితం. ఆపైన మళ్లీ 30 సెం.మీ. చదరానికి మెల్లగా వెడల్పయ్యే గొట్టం, పొడవు 120 సెం.మీ. చివర 12 అంగుళాల ఎగ్జాస్ట్ ఫ్యాన్, రెగ్యులేటర్‌తో. ఫ్యాన్‌కు రెండు వైపులా జాలీ తప్పనిసరి, వైరింగ్ ఎలక్ట్రీషియన్ చేత చేయించండి.

ఫ్యాన్ గాలిని లాగాలి, తోయకూడదు. ముందు పెట్టి తోయిస్తే రెక్కల సుడి అంతా మోడల్ మీదికే వస్తుంది. పొగకు అగరుబత్తి స్ట్రాల తెర ముందు పెట్టండి, కాగితానికి తగలకుండా. పొగ సన్నటి తీగలా సాగాలంటే ఫ్యాన్ అతి తక్కువ వేగంలో ఉండాలి. పిల్లలు ఉత్సాహంగా ఫుల్‌లో పెడతారు, పొగ కలిసిపోయి ఏమీ కనపడదు. చివరి గొట్టం జాగా చాలదని 120ని 50 చేస్తే, గాలి గోడను అంటి ఉండలేక ఊడిపోయి పరీక్ష గదిలో పొగ వణుకుతుంది. అప్పుడు మోడల్‌ను అనుమానించి గంట వృథా చేస్తారు. మోడల్ తీసేసి, ఖాళీ గదిలో పొగ తిన్నగా పోతోందో లేదో ముందు చూసుకోండి. తిన్నగా లేకపోతే అతుకుల దగ్గర ఒక్కోచోటా అగరుబత్తి పట్టుకుని తిరగండి. పొగ లోపలికి పీల్చుకుంటున్న చోట సందు ఉన్నట్టు, టేపు వేయండి.